ముందెంత, తరవాతెంత

మరియదాసు మాస్టారు ఏది దేన్ని గుద్దుకున్నా లెక్క కట్టనిదే కదలరు. గుద్దుకోకముందు మొత్తం ద్రవ్యవేగం ఎంత, తరవాత ఎంత, రెండూ సమానమయ్యాయా లేదా తేలాలి. తేలేదాకా ఆయనకు అన్నం సయించదు. దాంతో ఆయన భార్య జోసెఫిన్‌కు పెళ్లయిన ఇరవై రెండేళ్లలో వేడన్నం తిన్న గుర్తే లేదు.

మొన్నటికి మొన్న ఫరంపేటలో వాళ్లెక్కిన ఆటోకు వెనకనుంచి ఓ స్కూటీ తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు సత్తిబాబు తిట్టడానికి నోరు తెరిచేలోగా మాస్టారు దిగి, స్కూటీ నడిపిన ఆవిడ దగ్గరికి వెళ్లారు.

"అమ్మా, తమరి బరువెంత?"

"ఏంటీ?"

"స్కూటీతో కలిపి చెప్పినా పర్లేదమ్మా."

ఆవిడ హెల్మెట్ తీసింది. జోసెఫిన్ చేతులు జోడించింది.

"ఆయన ఫిజిక్సు మాస్టారమ్మా. వేరే ఉద్దేశం లేదు, వదిలెయ్యమ్మా."

ఈ ముక్క ఎంతమందికి చెప్పిందో గానీ, జపమాల చెప్పినంత ధారాళంగా వచ్చేస్తుంది జోసెఫిన్‌కు. స్కూటీ ఆవిడ "యాభై!" అని విసురుగా అనేసి వెళ్లిపోయింది.

"యాభయ్యేంటి, అరవై అయిదుకి తక్కువుండదు. అందుకే లెక్క కుదరట్లేదు" అని మాస్టారు దారిపొడుగునా బాధపడ్డారు.

ఈ వేసవిలో ఆయన దగ్గరికి ట్యూషన్‌కు తేజస్విని వచ్చింది. కనకాలపేట పిల్ల, తండ్రిది చేపల పడవ. ఇంటర్ ఫిజిక్సు ఒకసారి పోయింది. సప్లిమెంటరీ కూడా పోతే చదువు మానేసి రొయ్యలు వలిచే షెడ్డులో చేరిపోతానని తనే తేల్చేసుకుంది.

"పడవ కదలకుండా ఉంది. అందులోంచి మనిషి దూకాడు. ముందెంత?"

"సున్నా అండి."

"తరవాత?"

"రెండూ కదుల్తన్నాయి కదండి, మొత్తం సున్నా ఎలాగవుద్దండి? నా బుర్రకెక్కదండి, వదిలేయండి."

పరీక్ష రెండు రోజులుందనగా పొద్దున్నే మాస్టారు భార్యను వెంటబెట్టుకుని రేవుకు వెళ్లారు. తేజస్విని గట్టు మీద తండ్రికి వల మడవడంలో సాయం చేస్తోంది. మాస్టారు వాళ్ల పడవెక్కి, గట్టు మీదికి ఒక్క దూకు దూకారు. పడవ వెనక్కి పోయింది. మాస్టారు మోకాటి లోతు బురదలో చతికిలబడ్డారు.

"తాడు కట్టకుండా దూకుతారేంటండీ!" తేజస్విని పరిగెత్తుకొచ్చింది. "మీరిటు దూకితే అది అటెళ్లిపోద్ది కదండీ! పెద్ద పడవైతే మెల్లిగా ఎళ్లుద్ది, చిన్నదైతే జోరుగా ఎళ్లుద్ది. మీరిటు ఎంతో అదటు అంతే..."

అక్కడ ఆగిపోయింది.

"మాస్టారూ, అటెళ్లేదానికి మైనస్ పెట్టాలాండి?"

మాస్టారు బురదలోంచే తలూపారు. ఆ పిల్ల ఇసకలో పుల్లతో లెక్క చేసింది. సున్నా వచ్చింది. ఇంకోటి అడిగి మరీ చేసింది.

ఇంటికొచ్చాక జోసెఫిన్ కుర్చీలో కూలబడింది.

"తాడు ముడి మీరే విప్పారు. నేను చూశాను."

"గట్టిగా అనకే! పడవ సంగతి ఆ పిల్లకి నాకంటే బాగా తెలుసు. దాని నోటితోనే రావాలి. లేకపోతే తనకేమీ రాదనుకుంటూనే పరీక్షకెళ్తుంది."

జోసెఫిన్‌కు కోపమంతా పోయి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. అది చూపించే ఓపికే లేదు.

"మైనస్ ఎక్కనివాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"సుదీప్ ఉన్నాడు. రేపు పొద్దున్న..."

"రేపొద్దు. ఆ ప్యాంటు మార్చకుండా వాణ్ణి ఇప్పుడే తీసుకెళ్లండి. రెండోసారి బురద ఉతకడం నా వల్ల కాదు."