మా పల్లె లెక్కలో ముప్పై రోజులు

కళింగపట్నానికి కాస్త అవతల, సముద్రం ఒడ్డున మాది చేపలు పట్టే పల్లె. అరవైల చివర్లో మా నాన్న సర్పంచి పదవికి నిలబడ్డాడు. అంతవరకూ ఆ కుర్చీ పైనున్న రైతుల ఊరిదే. నిలబడ్డది ఒక్కదాని కోసం, పల్లెకి మంచినీళ్ళ బావి. మేం తవ్వుకున్న గుంటలన్నీ ఉప్పు. ఆడవాళ్ళం పై ఊరి బావి దగ్గర బిందెలు దించుకుని, ఎవరైనా తోడి పోస్తారా అని నిలబడేవాళ్ళం. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, ఒళ్ళు మండిపోయేది.

నాన్న రెండంటే రెండు ఓట్లతో ఓడిపోయాడు. ఏడుస్తూ కూర్చున్నామా? లేదు! పూరీ వైపు వేటకెళ్ళిన మావాళ్ళు ముగ్గురి ఓట్లు ఇక్కడెవరో వేసేశారని తెలిసింది. ఓరి మీ దుంపతెగ! ఆ మూడూ అవతలివాడి లెక్కలోంచి తీసేస్తే మా నాన్నే సర్పంచి. ప్లీడరు గారు, "ఫలితం చెప్పిన నాటి నుంచి ముప్పై రోజుల్లో దరఖాస్తు పడాలి. ఆ ముగ్గుర్నీ పట్టుకురండి" అన్నారు. పూరీకి కబురెట్టాం. రోజుల లెక్క అమ్మకి అప్పజెప్పాం.

అక్కడే కొంప మునిగింది. మా పల్లెలో రోజంటే పడవ సముద్రం మీదికి వెళ్ళిన రోజు. అమావాస్యకి వెళ్ళరు, అది లెక్కలో లేదు. గంగమ్మ పండగ, లేదు. గాలి ఎత్తుకున్న రోజు, అదీ లేదు. అమ్మ వలతాడుకి ముడులేసుకుంటూ వచ్చి, ముప్పై అయ్యాయనగానే కాగితాలు పట్టుకుని పరిగెత్తాం. అప్పటికే మూడు రోజులు ఆలస్యం.

వాయిదా నాడు పల్లె పల్లెంతా బస్సెక్కింది. పెళ్ళికెళ్ళినా అంత గోల ఉండదు. కోర్టులో మా ప్లీడరు, "మామూలు దావాల్లో ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కోర్టు మన్నిస్తుంది కదా, ఇక్కడా మన్నించండి" అన్నారు. అవతలి ప్లీడరు లేచి, "ఎన్నికల తగాదా మామూలు దావా కాదు, గడువంటే గడువే" అన్నాడు. తీర్పు చెప్పే కోర్టు మునసబు గారు మా నాన్ననే అడిగారు, ఎందుకు ఆలస్యమైందని.

"సముద్రానికెల్లని రోజు మాకు రోజు కాదు బాబూ."

"అయితే ఆ మూడు రోజులూ అన్నం తినలేదా?"

"తిన్నాం బాబూ. ముందునాటి సేపలున్నాయి కదేటి!"

మునసబు గారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. బంట్రోతూ నవ్వాడు. ఇంకేముంది, నెగ్గేశాం అనుకున్నాం. సంతోషం పట్టలేక పక్కనున్న పిన్నిని గిల్లి గిల్లి చంపాను.

మధ్యాహ్నం తీర్పు. "మీరు చెప్పింది నిజమేనని నమ్ముతున్నాను. కానీ ఒక్కరోజైనా మన్నించే అధికారం ఈ చట్టం నాకివ్వలేదు" అన్నారు మునసబు గారు. దరఖాస్తు కొట్టేశారు. పూరీ నుంచి వచ్చిన ముగ్గురూ నోరు విప్పకుండానే బయటికొచ్చారు. "మా ఓట్లెవులేసీసారో సూడరా మరి?" అని ప్లీడర్ని అడిగారు. "చూడరు" అన్నారాయన. నాకు ఏడుపొచ్చేసింది.

వరండాలో నెగ్గిన సర్పంచి గొడుగు సర్దుకుంటున్నాడు. అమ్మ ఎదురెళ్ళింది.

"గడువు దాటితే కోరటు సూడదట బాబూ. మరి దాహానికి గడువేటి?"

ఆయన గొడుగు చంకలో పెట్టుకుని గబగబా వెళ్ళి బస్సెక్కాడు. సాయంత్రం మా వైపు వెళ్ళే బస్సు అదొక్కటే. నలభైమందిమి ఎక్కి ఆయన చుట్టూ కూర్చున్నాం, చోటు లేనివాళ్ళం మీద పడుతూ నిలబడ్డాం. దారి పొడుగునా అందరిదీ అదే ప్రశ్న. కండక్టరు కూడా టికెట్లు కొడుతూ, "సెప్పండి బాబూ, గడువేటి?" అన్నాడు. ఊరొచ్చేసరికి ఆయన చేతులెత్తేశాడు. "తవ్విస్తాను తల్లీ, ముందు నన్ను దిగనీయండి!"

తవ్వించాడు, పల్లెకి కాస్త ఎగువన, ఉప్పు తగలని చోట. మొదటి చేద మా నాన్న తోడి ఆయనకే తాగించాడు, మహానుభావుడు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు. ఆ మూడు ఓట్లు ఎవరు వేశారో ఇప్పటికీ ఎవరూ చూడలేదు.