మిషనక్క ముందుపళ్ళు

వీధిలో అందరూ మిషనక్క అని పిలిచే ఆ కుట్టుపని ఆవిడ ముప్పై ఏళ్ళుగా దారాన్ని పంటితోనే తెంపుతోంది. రెండేళ్ళ కిందట పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం కనిపించింది. ఆ చోట బ్రష్షు ఆనించడం మానేసింది, అంతే. ఇప్పుడు ముందుపళ్ళు కదులుతున్నాయి.

"పీకేయండి తల్లీ, పీడా పోతుంది," అంది పళ్ళ డాక్టరుతో, ఓపిక లేక.

"పీకడం ఎంతసేపు! చిగుళ్ళ కింద గార పేరుకుంది. కోత లేకుండానే గీకి తీసేస్తాను. ఇకమీదట రక్తం వచ్చే చోట కూడా మెత్తటి బ్రష్షుతో తోమండి, పళ్ళు నిలుస్తాయి. అయినా రక్తం చూసిన రోజే రావలసింది కదమ్మా?"

గార తీయించుకుని, మత్తుమందుకు మొద్దుబారిన మూతితో ఇంటికి వచ్చి మిషను ముందు కూలబడేసరికి, ఎదురింటి టీచరమ్మ చిరిగిన జాకెట్టు చేతికిచ్చింది. "మొన్న చిన్న చిరుగే అక్కా. ఇవాళ ఇంతైంది."

"చిన్నగా ఉన్నప్పుడే తేవడానికేం రోగం?" అని ఎవరినైనా దులిపేసే మనిషి, ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసింది. "ఇటివ్వు," అంది.

కుట్టు పూర్తయ్యాక దారం అలవాటుగా పళ్ళ దగ్గరికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఆమె నిట్టూర్చి, బట్టలు కోసే పెద్ద కత్తెర ఎత్తి, ఆ పిసరంత దారాన్ని కత్తిరించింది.