చిన్నారావు గారి జలపాతం తనిఖీ

చిన్నారావు గారు దేన్నీ నమ్మరు, తనిఖీ చేస్తారు. ఆయన చేతికి రెండు వాచీలు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని సరిచేస్తారు. రెండింటినీ గని సైరనుతో సరిచూసుకుంటారు. ఆపైన సైరను మోగించేవాడి మీద అనుమానపడతారు. టీవీలో వాన రాదంటే గొడుగు పట్టుకెళతారు. వస్తుందంటే, అంత గట్టిగా ఎందుకు చెబుతున్నారా అని గడప దాటరు.

ఆ హక్కు ఆయనకు ఊరికే రాలేదు. పాలకొండ దగ్గర పల్లెలో ఎనిమిదో తరగతి చదివి, కిరందుల్ ఇనుప గనికొచ్చి, ముప్పై నాలుగేళ్ళు డంపరు నడిపిన మనిషి. కొండ మీంచి ఎన్ని లక్షల టన్నుల రాయి కిందికి దించారో ఆయన్నే అడగాలి, అడక్కపోయినా చెబుతారు. ఒక్క ప్రమాదం లేదు. భద్రతా వారోత్సవాల్లో మూడు స్టీలు డబ్బాలు, ఒక గోడ గడియారం గెలిచారు. ఆ గడియారాన్నీ నమ్మరు.

ఇంత ఘనుడితో కాపురం చేస్తున్న పైడమ్మకు ఉన్నది ఒకటే కోరిక. జగదల్‌పూర్ అవతల, కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలోని జలపాతం చూడాలి. ఐదు వేసవులు ప్రయాణం కట్టారు. ఐదుసార్లూ తనిఖీలో పోయింది. ఒక ఏడు జీపు టైరు అరిగిందన్నారు. ఒక ఏడు డ్రైవరు ఆవులించాడు. ఈ ఏడు డాక్టరు పైడమ్మ మోకాళ్ళు చూసి, "మెట్ల పనులేవైనా ఉంటే ఈ ఎండాకాలమే కానిచ్చేయండి, వచ్చే ఏటికి మీవల్ల కాదు" అన్నాడు.

చిన్నారావు గారు ఎక్స్‌రేని ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని చూశారు.

"ఇది నీ మోకాలేనని రుజువేటి?"

"నా పేరుంది కదండీ."

"పేరు రాసింది నీ మోకాలు కాదు కదా."

ఏప్రిల్లో ఒక ఆదివారం ఇంట్లో సమావేశం జరిగింది. కోడలు సుధారాణి ఫోనులో జలపాతం బొమ్మ చూపించింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చూశారు.

"ఇది ఆగస్టు ఫొటో. ఈ నీళ్ళు మనవి కావు."

"మే నెలలో కూడా సన్నగా పారతాయట, మావయ్యగారూ."

"అట అన్నదెవరు?"

"వెళ్ళొచ్చినవాళ్ళు."

"ఎల్లొచ్చినోళ్ళు బాగుందనే అంటారు. అంత దూరం ఎల్లి బాగోలేదని చెప్పుకునే ఎర్రోడు ఎక్కడైనా ఉన్నాడేటి?"

కొడుకు కళ్యాణ్ కలగజేసుకున్నాడు. "జలపాతం మెట్లు పెద్దవాళ్ళు కూడా దిగుతారంట నాన్నా."

"ఏ పెద్దోళ్ళు? మోకాళ్ళని నాటకాలాడే పెద్దోళ్ళా?"

"నాటకమైతే ఈసారి మీకు టిక్కెట్టు పెడతాను లెండి" అని పైడమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వారం నుంచే ఆయన వాలకం మారింది. పొద్దున్నే బస్సెక్కడం, పొద్దు వాలాక రావడం. ఎక్కడికంటే దంతెవాడ అన్నారు.

"దంతెవాడలో ఏటి పని?"

"పింఛనుకి లైఫ్ సర్టిఫికెట్టు."

"అది నవంబర్లో కదండీ ఇస్తారు?"

"బతికే ఉన్నానని ఇంకోపాలి సెప్తే ఏటి నష్టం?"

అనుమానం అంటువ్యాధి. ముప్పై ఎనిమిదేళ్ళు పక్కన ఉంటే ఎవరికైనా అంటుకుంటుంది. పైడమ్మ ఆయన చెప్పులు తిరగేసి చూసింది. కిరందుల్‌లో దుమ్ము ఎరుపు. ఆరేసిన బట్టలెరుపు, కుక్కలెరుపు, ఆఖరికి పిచ్చుకలు కూడా ఎరుపే. చెప్పులకున్నది తెల్లటి దుమ్ము. పైగా ఆయన కుంటుతున్నారు. పైగా ఆమె పాత నూలు చీర ఒకటి కనపడటం లేదు.

"ఆ తెల్ల దుమ్ము జలపాతం లోయదే. అక్కడికే ఎల్తున్నారే, సుధా" అంది కోడలితో. "కొండలో లోపం ఎతకడానికి. రాయి వదులుగా ఉందనో, కోతి చూపు బాగోలేదనో ఏదో ఒకటి పట్టుకొస్తారు. ఈ ఏడూ మన పని అంతే."

మూడోసారి వెళ్ళొచ్చిన సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని, "ఆదివారం ఎల్దాం" అన్నారు. అంతే. ఒక్క లోపం చెప్పలేదు. పైడమ్మకు అప్పుడు అసలైన అనుమానం పట్టుకుంది. పులిహోర అయితే కలిపింది గానీ, డబ్బా మూత పెట్టేదాకా ప్రయాణం సాగుతుందని నమ్మలేదు.

ఆదివారం, జలపాతానికి దిగే మెట్ల మొదట్లో టీ బండి పెట్టుకున్న మంగ్లూ ఆయన్ని చూడగానే నవ్వాడు.

"రండి, కుంటి బాబూజీ. ఇవాళ కాళ్ళకు కట్లు లేవేం?"

చిన్నారావు గారు ఒక చెట్టును శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు.

"కట్లేమిటి?" అన్నాడు కళ్యాణ్.

"మూడుసార్లు వచ్చారు కదా. వచ్చినప్పుడల్లా మోకాళ్ళు మడత పడకుండా వెదురు బద్దలు పెట్టి, చీర పీలికలు చుట్టి, కొంగలాగా దిగేవారు. ఎక్కడ తను అబ్బా అంటే అక్కడ నాచేత ఒక స్టూలు వేయించారు. కాళ్ళు బాగానే ఉన్నాయి కదా బాబూజీ అంటే, ఈ కాళ్ళు నావి కావు, మా ఆవిడవి అన్నారు."

పైడమ్మ భర్త వైపు చూసింది. ఆయన ఇంకా చెట్టునే చూస్తున్నారు.

స్టూళ్ళు పదకొండు. పైడమ్మ పదకొండు చోట్లా కూర్చుంది. సరిగ్గా నొప్పి మొదలయ్యే మెట్టు దగ్గర స్టూలు ఉండేది. కింద నీళ్ళు నిజంగానే సన్నగా ఉన్నాయి. ఆమెకు అవి చాలు. చీర మడమలపైకి ఎత్తి పట్టుకుని నీళ్ళలో పాదాలు పెట్టి, పులిహోర చల్లారి గట్టిపడేదాకా లేవలేదు.

పైకి బయల్దేరాక అయిదో మెట్టు మీద మోకాలు పట్టేసింది. మొదటి స్టూలు ఇంకా ఎంతో పైనుంది.

"ఎక్కడం కూడా చూశారా నాన్నా?" అన్నాడు కళ్యాణ్.

చిన్నారావు గారు మెట్లను కింది నుంచి పైదాకా చూశారు. "డంపరు లోడుతో దిగుద్ది, ఖాళీగా ఎక్కుద్ది" అన్నారు మెల్లిగా. "ప్రమాదం దిగడంలోనే కదా. కింద కట్లిప్పేసి మామూలుగా ఎక్కేసేవోణ్ణి."

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎన్నడూ చేయని పొరపాటు. ఆయన మొహం చూడలేక సుధారాణి సంచి సర్దుకుంది.

"డోలీ కుర్చీ ఉందని మొదటి రోజే చెప్పాను" అన్నాడు వెంట దిగిన మంగ్లూ. "బాబూజీ నమ్మలేదు."

రెండు వెదుళ్ళకు కట్టిన కుర్చీ వచ్చింది, మోయడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. ఆయన తాళ్ళు లాగి చూశారు. వెదురు తట్టి విన్నారు. చివరికి తనే ఎక్కి కూర్చుని పది మెట్లు మోయించుకున్నారు. యాత్రికులు ఫొటోలు తీశారు. "బారాతా? పెళ్ళికొడుకా?" అని ఎవరో అడిగారు. ఆయన పట్టించుకోలేదు. దిగొచ్చి, పైడమ్మను చెయ్యిపట్టి కూర్చోబెట్టి, కుర్చీ కాలు ఒకటి గట్టిగా పట్టుకున్నారు.

"వదిలేయండి బాబూజీ, మీరు పట్టుకుంటే బరువు పెరుగుతోంది" అన్నాడు మోసేవాళ్ళలో ఒకడు.

ఆయన వదల్లేదు. మెట్టు మెట్టుకూ రొప్పుతూ, కుర్చీతో సమానంగా ఎక్కారు. సగం దూరం వెళ్ళాక పైడమ్మ కిందికి వంగింది.

"ఏటండీ, ఎందుకు పట్టుకున్నారు?"

"ఆళ్ళ మీద నమ్మకం లేక."

పైడమ్మ ఆయన నెత్తిన జారిపోతున్న తువ్వాలు సర్దింది. సర్దిన చెయ్యి తీయలేదు.

"అలాగే అనండి" అంది.