సున్నిపిండి పెట్టుకున్న తుపాకి

రిటైరయ్యాక కెనడాలో మేముండే కనాటా ఊళ్ళో మావాళ్ళంతా గోల్ఫో, గీతా పారాయణమో పట్టుకున్నారు. నేను తుపాకులు పట్టుకున్నాను. కాల్చడానికి కాదు, తోమడానికి. పాత మిలిటరీ రైఫిళ్ళకి తుప్పు వదిలించి, చెక్కకి అవిసె నూనె పట్టించి మళ్ళీ నలుగురిలో పెట్టడం నా సరదా. అందుకోసం లైసెన్సు కోర్సు కూడా పాసయ్యాను. ఇంట్లో ఒక్క గిన్నె తోమని మనిషి ఊళ్ళో తుపాకులన్నీ తోముతున్నాడని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

పోయిన వేసవిలో మా వీధి చివర ఉండే పెద్దాయన తన రైఫిల్ బాగుచేసి పెట్టమన్నాడు. ఒకప్పుడు మన పోలీసులు భుజాన వేసుకు తిరిగిన త్రీనాట్‌త్రీ రకమే. యుద్ధమయ్యాక సైన్యం వదిలించుకున్నవాటిలో ఒకటి వాళ్ళ నాన్న కొన్నాడట. వేటకి బరువని ముందు చెక్కని సగానికి కోసేసి, భుజానికి ఆనించే చెక్క మీద చాకుతో ఒక చేపని చెక్కాడు. ఆపైన తుప్పు భయంతో ఏటా ఇనుముకీ చెక్కకీ కూడా గ్రీజు పూస్తూ పోయాడు. పూసీ పూసీ అది అట్లపెనం రంగుకి వచ్చింది. చేప కంటికి కనబడదు, బొటనవేలితో తడిమితే తెలుస్తుంది. పెద్దాయన చిన్నప్పటినుంచీ దాన్ని అలా తడిమే ఎరుగును.

ఇప్పుడాయనకి చేతులు వణుకుతున్నాయి. ఇనుప భాగమంతా తన ఇంట్లోనే తాళం వేసి ఉంచుకుని, చెక్కముక్కలు రెండూ తువ్వాల్లో చుట్టి నాకిచ్చాడు. ఇస్తూ ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"ఉప్పుకాగితం మాత్రం తగిలించకు. ఆ చేప పోతే మా నాన్నది నాకింకేమీ మిగలదు."

ఇంగ్లీషులోనే అన్నాడు గానీ నా గుండెల్లో రాయి పడింది.

గీకకుండా గ్రీజు వదలాలంటే సుద్దపొడి ముద్దలా కలిపి పట్టించాలి, ఆరుతూ ఆరుతూ అది జిడ్డుని లాగేస్తుందని ఈ విద్యలో పెద్దలు చెబుతారు. సుద్దపొడి కోసం నేను నాలుగు షాపులకి డ్రైవ్ చేసి ఉత్త చేతులతో వచ్చాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"తలంటు రోజున ఒంటి నూనె దేంతో వదిలిస్తామండీ? ముప్పై ఏళ్ళు టెలికాంలో ప్రాబ్లమ్స్ సాల్వ్ చేశారు, ఆ మాత్రం తట్టలేదా?"

తట్టలేదు. తట్టాక మాత్రం ఆగలేదు. అత్తగారు కాకినాడనుంచి పంపిన సున్నిపిండి డబ్బా దించి, ముద్ద కలిపి, గరాజులో పాత చాప పరిచి, తుపాకి చెక్కకి నలుగు పెట్టాను. ఆరాక రుద్దితే ఏళ్ళనాటి గ్రీజు నల్లటి పేలికల్లా రాలింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అప్పుడు కడిగాను.

సున్నిపిండిలో పసుపు ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసు, మా ఆవిడకి తెలుసు, పుట్టిన ప్రతి తెలుగు పిల్లకీ తెలుసు. అయినా ఇద్దరం చదువుకున్నవాళ్ళం కాబట్టి ఒక్కరికీ గుర్తు రాలేదు. కెనడాలో అన్నిటికంటే పచ్చటి తుపాకి మా గరాజులో పెళ్ళికొడుకులా పడుకుంది.

సబ్బు పెట్టాను, వెనిగర్ పెట్టాను. రంగు ఇంకా నిగ్గుతేలింది. మూడు రోజులు పెద్దాయన కంటబడకుండా వాకింగుకి వేరే వీధిలో వెళ్ళాను. ఇక ఉప్పుకాగితం తప్ప దారి లేదనిపించింది. ఒకసారి చేతిలోకి తీసుకున్నాను కూడా. చేప మీదికి తెచ్చి, భయమేసి కింద పెట్టేశాను.

చొక్కా మీద పప్పు మరక ఎండలో పోదూ అంది మా ఆవిడ. అలా పెళ్ళికొడుకు ఇంటివెనక చెక్కల డెక్ మీద వడియాల పక్కన చేరాడు. ఆవిడ ఉడతలకీ, తొంగిచూసే పక్కింటివాళ్ళకీ కాపలా కూర్చుంది. వారం తిరిగేసరికి పసుపు వెలిసి, చెక్క అసలు గోధుమరంగు బయటపడింది. కానీ చాకు దిగిన గాట్లలో మాత్రం పసుపు పట్టుకునే ఉంది. అవిసె నూనె రాశాక అది ఇంకాస్త మెరిసింది.

పెద్దాయనని పిలిచి, ఆయన కూర్చోకముందే జరిగిందంతా ఒప్పేసుకున్నాను. మా దగ్గర ఇది పెళ్ళికొడుకులకి పెడతారని కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. చెక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూశాడు.

"ఈ చేపకి కన్ను ఉంది," అన్నాడు చివరికి.

చూశాను. సూదిమొనంత చుక్క, దాని నిండా పసుపు. అన్నేళ్ళూ ఆయన బొటనవేలికి అందనిది అదొక్కటే. ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. మా ఆవిడ టీ పెడతానని లోపలికి వెళ్ళి, టీ లేకుండానే వచ్చింది.

కాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకుని, తుపాకి గొట్టం తుడిచే క్లీనింగ్ రాడ్ పిడి కూడా జిడ్డోడుతోంది, ఆ పొడి ఇంకేమైనా ఉందా అని అడిగాడు. మా ఆవిడ డబ్బా ఆయన చేతిలో పెట్టింది. ఆ దీపావళికి నేను సబ్బుతోనే తలంటు పోసుకున్నాను.