కోదాడ నాకా నుంచి వేల్స్ దాకా

1949 జనవరిలో నన్ను కోదాడ కరోడ్‌గిరీ నాకాలో మొహర్రిర్‌గా వేశారు. కరోడ్‌గిరీ అంటే హైదరాబాద్ రాష్ట్రపు సుంకాల శాఖ. నాకా అంటే సరిహద్దు తనిఖీ గేటు, మొహర్రిర్ అంటే గుమాస్తా. మా రాష్ట్రం భారతదేశంలో కలిసి అప్పటికి నాలుగు నెలలైంది. అయినా మద్రాసు రాష్ట్రంలోని జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చే ప్రతి బండీ మా గేటు ముందు ఆగవలసిందే. సరుకు చూసి నేను చలానా రాసేవాణ్ణి. నాకాకు అధికారి అయిన నాకేదారు సంతకం పెట్టాకే అడ్డకర్ర లేచేది.

మా నాకేదారు ఖాసిం సాబ్‌కు యాభై దాటాయి. బండివాళ్ల పేర్లే కాక వాళ్ల ఎడ్ల పేర్లు కూడా ఆయనకు తెలుసు. నేను బి.ఏ. చదివానని తెలిసి, తన కుర్చీ పక్కనే నాకూ ఒక కుర్చీ వేయించాడు.

కొందరు రైతులకు ఇల్లు మా వైపు, చేను మద్రాసు రాష్ట్రం వైపు ఉండేవి. సొంత పంటను ఇంటికి తెచ్చుకున్నా సుంకం కట్టాలన్నది రూలు. ఖాసిం సాబ్ మాత్రం అవతలి ఊరి కరణం దగ్గర నుంచి, ఫలానా చేను ఫలానా వాడిదేనని చీటీ తెప్పించుకుని బండిని వదిలేసేవాడు. ఇది రూలులో లేదు కదా అని ఒకసారి అడిగాను.

“రూల్ రాసినాయన ఆ చేను సూడలే బేటా. మనం రోజు సూస్తున్నం,” అన్నాడు.

రెండు ప్రభుత్వాలు తేల్చలేని విషయాన్ని ఒక కరణం, ఒక నాకేదారు చీటీ ముక్కతో నడుపుతున్నారు. దేశాల మధ్య సంబంధాలను శాస్త్రంగా చదవాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది. విదేశాల్లో చదువుకునేవారికి ప్రభుత్వం ఉపకార వేతనం ఇస్తుందన్న ప్రకటనను గెజిట్‌లో చూసి చెప్పింది కూడా ఖాసిం సాబే. దరఖాస్తులో ఒక్క విశ్వవిద్యాలయం పేరే రాయాలి. రాశాక మార్చడానికి వీల్లేదు.

మూడు చోట్లకు ఉత్తరాలు రాశాను. మూడింటిలోనూ ఒకటే ప్రశ్న: ఇల్లు ఒక వైపు, చేను ఒక వైపు ఉన్న రైతు సంగతి మీ చదువులో ఎక్కడ వస్తుంది? లండన్ నుంచి నున్నటి కాగితం మీద అచ్చువేసిన పుస్తకం వచ్చింది. అమెరికా నుంచి దరఖాస్తు ఫారాలు వచ్చాయి. మూడోది వేల్స్‌లో, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో ఉన్న విశ్వవిద్యాలయం. అక్కడి అధ్యాపకుడు తన చేత్తో రెండు పేజీలు రాశాడు. తనకు జవాబు తెలియదంటూ నన్నే తిరిగి అడిగాడు: కరణం మారితే ఆ చీటీ ఏమవుతుంది?

ఆ ఉత్తరాన్ని ఖాసిం సాబ్‌కు తెలుగులో చదివి వినిపించాను.

“ఇరవై ఏండ్ల నౌకరీల నన్నెవ్వరు గీ మాట అడగలే,” అన్నాడు. తర్వాత జవాబు చెప్పాడు. కరణం మారిన ఏడాది చీటీలు ఆగిపోయాయట. సైకిలెక్కి కొత్త కరణం ఇంటికి వెళ్లి, మజ్జిగ తాగి, ముందు అతని పిల్లల సంగతి, తర్వాత చీటీల సంగతి మాట్లాడి వచ్చాడట. అంతా ఇంగ్లీషులో రాసి వేల్స్‌కు పంపాను. దరఖాస్తులోనూ ఆ విశ్వవిద్యాలయం పేరే రాశాను.

ఇక మా నాయనను ఒప్పించడం మిగిలింది. ఆయన మిర్యాలగూడలో వకీలు. దరఖాస్తు మీద తండ్రి సంతకం తప్పనిసరి. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఖాసిం సాబ్ సెలవు పెట్టి మరీ నాతో బస్సెక్కాడు.

“లండన్ పోతుండని కోర్టుల వకీళ్లందరికి చెప్పిన. గీ వేల్స్ ఏందిరా? యాడుంటది గది?” అన్నాడు నాయన. కలం ముట్టుకోలేదు.

“వకీల్ సాబ్, జర చెప్పుండ్రి,” అన్నాడు ఖాసిం సాబ్. “కేసున్నోడు పేరున్న వకీల్ దగ్గరికి పోవాల్నా, తన మాట ఇనే వకీల్ దగ్గరికి పోవాల్నా?”

“పేరున్నోని దగ్గరికే పోతరు సాబ్. ఆడ ఓడినంక నా దగ్గరికొస్తరు.”

ఆ మాట అన్నాక నాయనకే నవ్వొచ్చింది. వేల్స్ నుంచి వచ్చిన ఉత్తరం అడిగి తీసుకుని, రెండు పేజీలూ రెండుసార్లు చదివాడు. “గీయన మంచిగ క్రాస్ ఎగ్జామిన్ చేస్తడు,” అని సంతకం పెట్టాడు.

వేతనం మంజూరైంది, ఆ సెప్టెంబరులో ఓడ ఎక్కాను. నేను తిరిగి వచ్చేసరికి ఖాసిం సాబ్ పింఛను తీసుకుని సూర్యాపేటలో ఉంటున్నాడు. నా సిద్ధాంత వ్యాసంలో ఆయన పేరున్న పేజీ చూపిస్తే, ఇంగ్లీషు రాకపోయినా చాలాసేపు తన దగ్గరే పెట్టుకున్నాడు.

తర్వాత ముప్పై ఏళ్లు అంతర్జాతీయ సంబంధాలు బోధించాను. ఎక్కడ చదవమంటారని అడిగిన విద్యార్థులతో, విశ్వవిద్యాలయానికి పేరు అక్కర్లేదని నేను ఎన్నడూ చెప్పలేదు. నేను చదివిన చోటికి పేరు లేక, తిరిగి వచ్చిన కొత్తలో రెండేళ్లు ఉద్యోగం కోసం తిరిగాను. ప్రతి ఇంటర్వ్యూలోనూ వేల్స్ ఎక్కడుందో వివరించాను. నేను చెప్పింది ఒకటే: మీరు కళ్లారా చూసిన ఒక చిక్కును ముందుగా రాసి పంపండి. తెలియదని ఒప్పుకుని, మిమ్మల్ని ఇంకో ప్రశ్న అడిగిన చోటికి వెళ్లండి. ఆ రెండేళ్లను లెక్కలో వేసుకునే ఈ మాట చెబుతున్నాను.