ఆత్మకూరు వాన, సీతారామపురం గొర్రెలు

ఎనభైల మొదట్లో, మండలాలు ఇంకా ఏర్పడక ముందు, నేను ఉదయగిరిలో పశువైద్యుణ్ణి. ఆ ఏడు సీతారామపురం వైపు మబ్బు వచ్చినట్టే వచ్చి తప్పుకుంది. చెరువులు నెర్రెలిచ్చాయి. గొర్రెలు పడుకున్నచోటే చచ్చిపోతుంటే మందుల పెట్టె తెరవడానికి సిగ్గేసేది. వాటి జబ్బు ఆకలి.

కరువు అంచనాకు ఒక బృందం వచ్చింది. పశువుల సంగతి చెప్పడానికి నన్నూ జీపెక్కించారు. ఆత్మకూరు బంగళాలో భోజనాలయ్యాక పెద్ద అధికారి తేల్చేశాడు: "ఉదయగిరి, ఆత్మకూరు రెండు తాలూకాలూ కలిపి చూస్తే వాన సగటు మామూలుగానే ఉందయ్యా. కరువని ఎట్లా రాస్తాం?"

రెయిన్ గేజ్, అంటే వాన కొలిచే పాత్ర, ఆత్మకూరులో ఒక్క తుఫానుకే నిండింది. ఆ నీళ్ళను కాగితం మీద సీతారామపురానికీ పంచేశారు! నాకు ఒళ్ళు మండింది. సీతారామపురం దాకా వచ్చి చూడమని పట్టుబట్టాను. విసుక్కుంటూ బయల్దేరాడు.

సీతారామపురం దారిలో పోలమ్మ అనే ఆమె గొర్రె రోడ్డు మీదే కూలబడి ఉంది. దాని పిల్ల ఎండిన పొదుగును కుమ్ముతోంది. అధికారి జీపు దిగలేదు. గట్టు వైపు చూపించి, "పచ్చగానే ఉందే" అన్నాడు.

"అది జిల్లేడు. గొర్రెలు ముట్టవు" అన్నాను.

పోలమ్మ జీపుకు అడ్డం వచ్చింది. "ఏంది సారూ, గడ్డి ఇస్తారా ఇయ్యరా?"

"ఆత్మకూరులో వాన బాగా పడిందమ్మా."

"ఆడ పడిన వాన ఈడుండే నా గొర్రె తాగుతాదా? దిగి సూడు సారూ, పానం ఇంకా ఉండాది!"

"పోనియ్" అన్నాడు డ్రైవరుతో. నేను దిగిపోయాను. "ఈ రిపోర్టు మీద సంతకం పెట్టను."

"నీ సంతకం ఎవరడిగారు?"

రిపోర్టు నా సంతకం లేకుండానే వెళ్ళింది. నేను విడిగా రాసి పంపాను, మళ్ళీ మళ్ళీ రాశాను. చివరికి గడ్డి లారీ వచ్చింది, వానలు పడి బీళ్ళు మొలిచాక. అప్పటికే పోలమ్మ మిగిలిన మందను కసాయి లారీకెక్కించి, కాలవ నీళ్ళుండే సంగం అనే ఊరికి వరినాట్లకు వెళ్ళిపోయింది. అక్కడి కాలవ గట్టు మీద కనబడితే గడ్డి వచ్చిందని చెప్పాను.

"ఎవురు తినేదానికి సారూ?" అని మడిలోకి దిగింది.

తర్వాత నన్ను ఎక్కడికి కరువు అంచనాకు పంపినా ఊరూరికీ విడిగానే రాశాను. పై అధికారులు తిట్టారు, ఇంకో చోటికి బదిలీ చేశారు. అయినా కలిపి రాయలేదు. ఒక ఊరి వానతో ఇంకో ఊరి కరువును కప్పెట్టడం లెక్క కాదు, అన్యాయం.