త్రినాథరావు గారి ప్రశ్న, పట్టుపురుగుల అర్జీ

త్రినాథరావు గారికి తెలిసిన ప్రశ్న ప్రపంచంలో ఒక్కటే. "అయితే ఏటి?"

పెళ్ళి కుదిరిందన్నా అదే, పరీక్ష తప్పిందన్నా అదే. పక్కింటి బంగార్రాజు ఓ రోజు సైకిలు గోడకైనా ఆనించకుండా పడేసి, రొప్పుకుంటూ లోపలికొచ్చేడు.

"బాబూ, సదర్ బజార్లో ఎద్దు చీరల కొట్లో దూరిపోయిందండి! సేఠ్ బీరువా మీదకెక్కి కూచున్నాడండి!"

"అయితే ఏటి?"

బంగార్రాజు "అయితే... మరేటీ నేదండి" అని సైకిలు ఎత్తుకుని వెళ్ళిపోయేడు. అంత మంచి వార్త ఆ తరవాత ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదుట పాపం.

బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు అర్జీలు చూసే గుమాస్తాగా చేసి ఆయన రిటైరైన రోజున, పెద్ద ఆఫీసరు మెళ్ళో దండేసి, "వీరు ఒక్కరోజైనా ఆలస్యంగా రాలేదు" అని మైకులో పొగిడేడు. మైకు ఇద్దరి మధ్యా ఉంది. "అయితే ఏటి?" అన్న మాట హాలు చివరి బెంచీదాకా వినబడింది. ఆఫీసరు తెలుగువాడు కాడు గనక అదేదో ఆశీర్వచనం అనుకుని చేతులు జోడించేడు.

ఇలాంటి మనిషి ముందు తన కాగితాలు పట్టుకుని కూచోవలసి వస్తుందని మాధవీలత ఎన్నడూ అనుకోలేదు. లోకో షెడ్డు ఫిట్టరు సింహాచలం కూతురు ఆవిడ. నెహ్రూ నగర్లో ఆ వీధికంతటికీ మొదటి డాక్టరేటు. యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పేది. చాంపా దాటేక అడివి అంచు ఊళ్ళలో మద్దిచెట్ల మీద పెంచే కోసా పట్టుపురుగుల మీద పరిశోధన చెయ్యాలని ఆవిడ కోరిక. దానికి ఢిల్లీ నుంచి గ్రాంటు రావాలి. తొంభైలోనూ తొంభై ఒకటిలోనూ దరఖాస్తు పంపింది. రెండుసార్లూ "చింతిస్తున్నాము" అని ఒక్క వాక్యం తిరిగొచ్చింది. ఆవిడది తాత్కాలిక ఉద్యోగం. మూడోసారి కూడా ఢిల్లీ చింతిస్తే, వచ్చే ఏడు ఆ పోస్టు ఉంటుందని తను మాటివ్వలేనని డిపార్ట్‌మెంటు హెడ్డు మెత్తగా చెప్పేరు.

"త్రినాథరావు మావయ్యకి ఓసారి చూపించు" అన్నాడు సింహాచలం.

"మావయ్యకి పురుగుల సంగతి ఏం తెలుసు నాన్నా?"

"పురుగుల సంగతి నీకు తెలుసు గదమ్మా. అర్జీల సంగతి ఆయనకి తెలుసు."

జూన్ ఆఖర్లో ఓ సాయంత్రం వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఇంగ్లీషు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, మొదటి వాక్యం మీద వేలు పెట్టేరు.

"భారతదేశ సంస్కృతిలో పట్టుకి ప్రాచీన కాలం నుంచీ విశిష్ట స్థానం ఉందీ అని రాసేవు."

"అవును మావయ్యా."

"అయితే ఏటి?"

మాధవీలత రెండో పేరా చూపించింది. పట్టు ఉత్పత్తిలో మన దేశం ఎన్నో స్థానంలో ఉందో అందులో ఉంది. అయితే ఏటి? మూడో పేరాలో పురుగు శాస్త్రీయ నామం, దాని వంశం, గోత్రం. అయితే ఏటి? నాలుగో పేజీకొచ్చేసరికి ఆవిడకి కళ్ళల్లో నీళ్ళూ, ముక్కు మీద కోపమూ ఒక్కసారే వచ్చేయి.

"ఏటేటి మావయ్యా! పుట్టిన పురుగుల్లో సగానికి పైగా తొలి వానలకే చచ్చిపోతన్నాయి! వానకి కొట్టుకుపోతన్నాయో, రోగమొచ్చి పోతన్నాయో, చీమలు తినీస్తన్నాయో ఎవరికీ తెలీదు! అది తేల్చితే సగం పురుగుల్ని కాపాడొచ్చు!"

త్రినాథరావు గారు కళ్ళజోడు తీసేరు. "ఈ ముక్క ఎక్కడుంది?"

"పదకొండో పేజీలో."

"పదకొండో పేజీదాకా ఏ ఆఫీసరు చదివేడమ్మా? అది మొదట రాయి. సంస్కృతిని తీసుకెళ్ళి ఎక్కడేనా పడీ."

అలా మొదలైన పని రెండున్నర నెలలు సాగింది. ప్రతి బుధవారం ఆవిడ కొత్తగా రాసుకెళ్ళేది, ఆయన కొత్తగా అడిగేవారు. కొనవలసిన సామాన్ల జాబితాలో జీపు చూసి ఆగిపోయేరు.

"పురుగులు ఎక్కడుంటాయి?"

"చెట్టు మీద."

"జీపు చెట్టెక్కుతాదా?"

జీపు పోయి, దాని స్థానంలో రెండు సైకిళ్ళు వచ్చేయి. "సమగ్ర అధ్యయనం" అన్న మాట పోయి, "మూడు ఊళ్ళు, అరవై చెట్లు, మూడు వానాకాలాలు" అని వచ్చింది. ఏ నెలలో ఏం చేస్తుందో, ఎవరు లెక్కపెడతారో, ఒకవేళ తను అనుకున్నది తప్పని తేలితే అప్పుడేం చేస్తుందో కూడా రాయించేరు. "తప్పయితే అన్నది రాస్తే నమ్మరేమో మావయ్యా" అంటే, "రాయకపోతే నమ్మరు" అన్నారు.

ఆవిడకి అర్థం కానిది ఒకటే. పోనుపోనూ ఆయన ప్రశ్నలు మరీ లోతుకి దిగిపోయేవి. "పెద్ద చెట్టు మీద చావు ఎక్కువా, నరికితే మళ్ళీ చిగిర్చిన మొక్క మీద ఎక్కువా?" అని ఓ బుధవారం. "పిల్లపురుగు వానొస్తే ఆకు కిందకి పోతాదా, పోయే తెలివి అప్పటికి ఉండదా?" అని ఇంకో బుధవారం. ఫైళ్ళు తప్ప ఆకులు చూడని మనిషికి ఇవెలా తడుతున్నాయి? ఆవిడ పరిశోధన అంతవరకూ సీసాల్లో వచ్చిన చచ్చిన పురుగుల మీదే జరిగింది. జవాబులు పుస్తకాల్లో వెతికితే లేవు. లేవని ఒప్పుకుంటూ, అవే తను తేల్చబోయే ప్రశ్నలని రాసేసింది.

డిసెంబర్లో ఢిల్లీ పిలిచింది. బల్లకి అటు ఏడుగురు పెద్దమనుషులు. అధ్యక్షుడు కాగితాలు తిరగేసి, కుర్చీలో వెనక్కి వాలి, హిందీలో అన్నాడు.

"పురుగులు ప్రతిచోటా చస్తాయమ్మా. తో క్యా?"

మాధవీలతకి నవ్వాగలేదు. క్షమించమని అడిగి, పావుగంట ఆగకుండా మాట్లాడింది. పన్నెండు బుధవారాలు అదే ప్రశ్నకి జవాబు చెప్పిన మనిషిని ఆ ఏడుగురూ ఏం చెయ్యగలరు?

మార్చిలో రిజిస్టరు కవరొచ్చింది. మూడేళ్ళ గ్రాంటు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

"మావయ్యా, వచ్చేసింది!"

"అయితే ఏటి?" అన్నారాయన. "పురుగులు బతికేయా?"

మాధవీలత మనసు చివుక్కుమంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సంతోషం అని అంటే ఏం పోయింది? ఇంటికెళ్ళి తండ్రితో కూడా ఆ మాటే అంది.

జులైలో, తొలి వాన పడ్డ మర్నాడు, ఆ మూడు ఊళ్ళలో మొదటిదానికి వెళ్ళింది. మద్దిచెట్ల కింద ఆడవాళ్ళు గులేర్లు, అదే ఉండేళ్ళు, పట్టుకుని కాకుల్ని తోలుతున్నారు. వాళ్ళలో పెద్దావిడ ఫూల్‌బాయి, ఈవిణ్ణి కిందనుంచి మీదదాకా చూసి అడిగింది.

"బిలాస్‌పూర్ మేడం మీరేనా? గొడుగు బాబా రాలేదా?"

"ఏ బాబా?"

"తెలుగు బాబా. పోయినేడు వానల్లో ఆదివారం తప్పకుండా వచ్చేవాడు. ఏం చెప్పినా 'త కా హోగే' అంటాడు. పురుగు చచ్చిందంటే త కా హోగే. చీమలు తినేశాయంటే త కా హోగే. ఎర్రచీమలు ఆయన పంచెలో దూరి కుట్టినప్పుడు మేమందరం కలిసి అడిగేం, త కా హోగే బాబా అని!"

చెట్ల కింద నవ్వులు గొల్లుమన్నాయి. 'అయితే ఏటి'ని ఆ మనిషి ఛత్తీస్‌గఢీలోకి కూడా మోసుకొచ్చేశారన్నమాట! మాధవీలతకి నవ్వాలో ఏం చెయ్యాలో తెలీలేదు.

నవ్వు తగ్గేక ఫూల్‌బాయి గులేరు పక్కన పెట్టింది. "ఆఫీసులవాళ్ళు ఇంతకు ముందూ వచ్చేరు మేడం. ఎన్ని చచ్చేయో రాసుకుని పోయేవారు. చస్తే మాకేమవుతుంది, ఆ నెలలు ఏం తింటాం, పిల్లని ఎక్కడికి పనికి పంపుతాం అని అడిగినవాడు ఆయనొక్కడే. అడిగి, చెప్పినంతసేపూ కూచునేవాడు."

మాధవీలత చెట్టు మొదట్లో చతికిలపడింది. ఇన్నేళ్ళూ ఆ రెండు మాటల్నీ తలుపు మూసెయ్యడం అనుకుంది. ఆయన అడుగుతున్నది మిగతా కథ. ఆయన దగ్గర ఆగి ఆ మిగతాది చెప్పినవాళ్ళే తక్కువ.

తిరిగొచ్చేక ఆయన ఇంట్లో లేని వేళ చూసి, పోయినేడు ఆదివారాల సంగతి ఆయన భార్య అసిరమ్మత్తని అడిగింది.

"భజనకి ఎల్నారమ్మా!" అందావిడ మొహం వెలిగిపోతూ. "ఈ మనిషికీ దేవుడు బుద్ధిచ్చేడని నాను నూటొక్క కొబ్బరికాయ మొక్కుకున్నాను."

మాధవీలత ఆ ఆదివారం పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "మావయ్యా, భజనకి వస్తారా? ఏడింటి పాసింజరు" అంది.

త్రినాథరావు గారు ఉలిక్కిపడి పెళ్ళాం వేపు చూసేరు. జీవితంలో మొదటిసారి ఆయనకి ఏ ప్రశ్నా తోచలేదు.

"రైలెక్కి ఎల్లే భజనా? నానూ ఒస్తాను" అని అసిరమ్మ పసుపూ కుంకం, పళ్ళెం, అరడజను అరిటిపళ్ళు సంచీలో వేసుకుని ముందే బయల్దేరిపోయింది.

రైలు కదిలి, ఊరు దాటేక అడిగింది. "ఇంతకీ అక్కడ ఏ దేవుడమ్మా?"

మాధవీలత మావయ్య మొహంలోకి చూసింది. ఆయన కిటికీలోంచి తడిసిన చెట్లని చూస్తూ గొంతు సవరించుకున్నారు.

"ఆకులు తినే దేవుడే" అన్నారు.

అసిరమ్మ కళ్ళు మూసుకుని భక్తిగా దణ్ణం పెట్టుకుంది.